మస్తానమ్మ రొయ్య వడలు

తడ దగ్గర ఇండస్ట్రియల్ పార్కులో ఏసీలకు రాగి గొట్టాలు చేసే ఒక కొరియా కంపెనీ ఉంది. టైటస్ అక్కడ తొమ్మిదేళ్లుగా కారు నడుపుతున్నాడు. కొత్త మిషన్లు బిగించినప్పుడల్లా కొరియా నుంచి ఒక ఇంజనీరు వచ్చి, ఏడాదో ఏడాదిన్నరో ఉండి పోతుంటాడు. అట్లా వచ్చినవాళ్లలో యూన్ మూడోవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. ఆయన్ను పొద్దున ఫ్లాటు నుంచి ఫ్యాక్టరీకి, సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఫ్లాటుకు తిప్పడం, ఇంట్లోకి కూరగాయలు, తాగే నీళ్లు తెచ్చిపెట్టడం టైటస్ పని.

మొదటి రెండు నెలలు యూన్ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. వేరే ఏ వాసనా పడదన్నట్టు కారు అద్దాలు దించేవాడు కాదు. క్యాంటీన్‌లో సాంబారన్నం స్పూనుతో అటూ ఇటూ కదిపి లేచిపోయేవాడు. ఊరినుంచి తెచ్చుకున్న ప్యాకెట్లు వేడి చేసుకుని తిని పడుకునేవాడు. బెల్టుకు కొత్తగా ఇంకో బెజ్జం పొడిపించమని ఒకరోజు టైటస్‌కే ఇచ్చాడు. ఇద్దరికీ వచ్చింది ముక్కల ఇంగ్లీషే అయినా, ఇద్దరికీ ఒకే మోతాదులో రావడం వల్ల పని జరిగిపోయేది.

నవంబరులో తుఫాను పట్టిన ఒక సాయంత్రం పార్కు గేటు ముందు లారీ ఒకటి ఒరిగిపోయి దారి మూసుకుపోయింది. కారు సర్వీసు రోడ్డు మీద కదలకుండా నిలబడింది. సరిగ్గా పక్కనే మస్తానమ్మ బండి. నాలుగు కర్రలకు నీలం పట్టా కట్టి, దాని కింద పెద్ద బాణలి పెట్టి, షిఫ్టు దిగేవాళ్లకు ఆమె బజ్జీలు, పునుగులు వేసి అమ్మేది. యూన్ ఉన్నట్టుండి అద్దం దించాడు. నూనెలో మిరపకాయ వేగే వాసన కారు నిండా కమ్మేసింది. ఆయన వేలితో చూపించాడు.

విదేశాల సార్లకు బయటి తిండి పెట్టకూడదని అడ్మిన్ ఆఫీసరు కిషోర్ బాబు మొదటి రోజే చెప్పి ఉన్నాడు. టైటస్ రోడ్డు అటూ ఇటూ చూశాడు. తరువాత దిగిపోయి రెండు మిరపకాయ బజ్జీలు పేపర్లో కట్టించుకొచ్చాడు. యూన్ ఒకటి తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే రెండోదీ తిన్నాడు. తరువాత తలుపు తీసుకుని, వానలోనే దిగి వెళ్లి పట్టా కింద నిలబడ్డాడు.

వాళ్ల ఊళ్లో కూడా మిరపకాయను చీల్చి, లోపల కూరి, పిండిలో ముంచి వేయిస్తారట. చిన్నప్పుడు బడి వెనక సందులో ఒకావిడ అమ్మేదట. ఇంత దూరం వచ్చి, రెండు నెలలు దాని పక్కనుంచే అద్దాలు మూసుకుని తిరిగానని చెప్పి, యూన్ మొదటిసారి గట్టిగా నవ్వాడు. టైటస్ ఆ మాటలు తెలుగులో చెప్తే మస్తానమ్మ గరిటె ఆపి ఆయన్ను ఎగాదిగా చూసింది. "పాపం, ఆకలి మీద ఉండాడన్నా" అని ఇంకో రెండు వేసి చేతిలో పెట్టింది.

ఆ రోజునుంచి సాయంత్రాలు మారిపోయాయి. రోజుకొక కొత్త రకం తినాలని యూన్ పట్టుబట్టాడు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, ప్రతిదాని పేరూ వాళ్ల అక్షరాల్లో రాసుకుని, పక్కన బొమ్మ వేసుకునేవాడు. పునుగులు గుండ్రంగా వేశాడు. అలసంద వడకు మధ్యలో కనిపించే అల్లం ముక్కతో సహా వేశాడు. అరటికాయ బజ్జీ ఆయనకు నచ్చలేదు. పైపొర తిని, లోపలి కాయను ఎవరూ చూడకుండా కుక్కకు వెయ్యబోయి మస్తానమ్మకు దొరికిపోయాడు. మరుసటి రోజు ఆమె కావాలనే అరటికాయ బజ్జీయే ఇచ్చి, పూర్తిగా తినేదాకా నిలబడి చూసింది. పేర్లు సరిగ్గా పలకకపోతే పొట్లం చేతికిచ్చేది కాదు. "అలసంద" అనడానికి ఆయనకు వారం పట్టింది. షిఫ్టు దిగిన ఆడపిల్లలు చుట్టూ చేరి నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

శనివారాలు మాత్రం వేరు. మస్తానమ్మ మొగుడు పెంచలయ్య పులికాట్ సరస్సులో వేటకు పోతాడు. శుక్రవారం వేటలో దొరికే చిట్టి రొయ్యల్ని ఇంటికి ఉంచి, శనివారం పొద్దున ఒలిచి, బరకగా రుబ్బిన శనగపప్పులో ఉల్లిపాయ, సోంపు వేసి కలిపి, సాయంత్రం వడలు వేసేది. అవి గంటలో అయిపోయేవి.  మొదటిసారి తిన్నప్పుడు యూన్ కళ్లు మూసుకుని నమిలాడు. ఇదేమిటని చేత్తో అడిగితే, ఆమె గిన్నెలోంచి గుప్పెడు పచ్చి రొయ్యలు తీసి చూపించింది. ఆయన పుస్తకంలో ఆ రోజు బొమ్మ వెయ్యలేదు. తరువాత వేస్తానన్నాడు. తెలుగులో వారాల పేర్లన్నిటిలో ఆయనకు శనివారం ఒక్కటే వచ్చింది.

జనవరి, ఫిబ్రవరి అట్లా గడిచాయి. యూన్ ముఖం నిండింది. టైటస్ భార్య అబిగయీలు, ఆ కొరియా సారు సంగతులు చెప్పమని రోజూ అడిగి నవ్వుకునేది. ఇరవై ఏళ్ల డ్రైవరు పనిలో ఒక సారుతో సమానంగా రోడ్డు పక్కన నిలబడి ఒకే పొట్లంలో తినడం టైటస్‌కు అదే మొదలు.

ఈస్టరు దగ్గరికొచ్చింది. మట్టలాదివారానికి ముందు రోజు శనివారం. టైటస్ చర్చి కమిటీలో ఉన్నాడు. ఊరేగింపుకు కొబ్బరి మట్టలు తెచ్చే పని ఆయనదే. ఆ సాయంత్రం యూన్, టైటస్ కలిసి రొయ్య వడలు తిన్నారు. చెరి నాలుగు. ఫ్లాటు దగ్గర దిగేటప్పుడు తాగే నీళ్లు అయిపోయాయని యూన్ చెప్పాడు. టైటస్ ఖాళీ క్యాను పట్టుకుని కిందికి వచ్చాడు. నీళ్ల షాపు మూసి ఉంది. ఇంకో షాపు సూళ్లూరుపేట దారిలో ఉంది; పోయి రావాలంటే అరగంట. మట్టల కోసం తోటలో మనుషులు ఎదురుచూస్తున్నారు. అపార్ట్‌మెంటు కింద కార్లు కడిగే కుళాయి ఉంది. సంపులోంచి వచ్చే నీళ్లు. చూడ్డానికి తేటగానే ఉన్నాయి. క్యాను నింపి, మూత బిగించి, పైకి తీసుకెళ్లి స్టాండు మీద పెట్టాడు. రేపు మధ్యాహ్నం వచ్చి మార్చేద్దాం అనుకున్నాడు.

ఆదివారం ఊరేగింపు, ఆరాధన, తరువాత ఇంటికి చుట్టాలు. క్యాను సంగతి టైటస్‌కు గుర్తే రాలేదు.

సోమవారం పొద్దున యూన్ కిందికి రాలేదు. టైటస్ పైకి వెళ్లి తలుపు కొడితే చాలాసేపటికి తీశాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. రాత్రంతా వాంతులు, విరేచనాలు. కంపెనీ వాళ్లు అంబులెన్సు పిలిపించి చెన్నైలో ఆసుపత్రికి పంపారు. సెలైన్ మీద ఆరు రోజులు ఉంచారు. మొదటి రెండు రోజులూ కిడ్నీల గురించి డాక్టర్లు భయపడ్డారు. కలుషితమైన నీళ్లో తిండో కారణం అన్నారు.

సార్ బట్టలు సర్ది పంపమని కిషోర్ బాబు ఫోన్ చేసినప్పుడు టైటస్ ఫ్లాటులోనే ఉన్నాడు. స్టాండు మీద క్యాను సగానికి దిగి ఉంది. మిగిలిన నీళ్లు బాత్రూంలో వంచేశాడు. క్యాను కడిగాడు. షాపు నుంచి సీలున్న కొత్త క్యాను తెచ్చి పెట్టాడు. ఎవరూ చెయ్యమనలేదు. అది చేసేటప్పుడు తను ఏదో దాస్తున్నానని కూడా పూర్తిగా అనుకోలేదు. బట్టలు సర్ది సంచీ తీసుకుని తాళం వేశాడు.

ఆఫీసులో కిషోర్ బాబు ఎదురుగా కూర్చోబెట్టి, సార్ బయట ఎక్కడైనా తిన్నారా అని అడిగాడు.

"గేటు ముందర బండి దగ్గర తింటారు సార్" అన్నాడు టైటస్. "శనివారం రొయ్య వడలు తిన్నారు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తరువాత రోజుల్లో టైటస్ ఆ సంగతి తనకు తానే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. తనూ అవే తిన్నానని ఆయన చెప్పలేదు, కిషోర్ బాబు అడగలేదు.

బుధవారం పార్కు సెక్యూరిటీ వాళ్లు, పంచాయతీ ట్రాక్టరు వచ్చి మస్తానమ్మ బండిని ఎత్తేశారు. టైటస్ అప్పుడు ఆసుపత్రి పని మీద చెన్నైలో ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి అక్కడ మసిపట్టిన రెండు ఇటుకలు, నేల మీద నూనె మరక మిగిలాయి.

గురువారం మధ్యాహ్నం ఆమె ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎండలో నిలబడి ఉంది. కారు ఆపక తప్పలేదు. సారు ఎట్లా ఉన్నాడని ముందు అడిగింది. బాగున్నాడు, లేచి కూర్చుంటున్నాడని చెప్పాడు. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. తరువాత అంది:

"నువ్వూ ఆయన పక్కనే నిలబడి తింటివి గదన్నా. నీకేం కాలేదు. ఆ రోజు తిన్న పిల్లలెవరికీ ఏం కాలేదు. ఆ మాట మీ ఆఫీసులో చెప్పు. ఇంకేం అడగను."

"చెప్తాలే మస్తానమ్మా. నేను మాట్లాడతా."

ఆమె నమ్మింది. వారం తరువాత మళ్లీ వచ్చింది. ఆఫీసులో పెద్దసారు ఊళ్లో లేడని చెప్పి టైటస్ తప్పించుకున్నాడు. మూడోసారి ఆమె రాలేదు.

నెల తరువాత అపార్ట్‌మెంటులో ఇంకో నాలుగిళ్ల పిల్లలు వాంతులతో పడ్డారు. సంపు తెరిచి చూస్తే పక్కనున్న డ్రైనేజీ పైపు పగిలి లోపలికి కారుతోంది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ముక్కు మూసుకుని ఆ సంగతంతా వర్ణించి చెప్పాడు. టైటస్ కారు బానెట్ మీద చేతులు ఆనించుకుని విన్నాడు. అప్పటిదాకా ఎక్కడో ఒక చిన్న అనుమానం ఆయనకు ఆసరాగా ఉండేది, ఆ వడల వల్లే అయి ఉండొచ్చని. అది కూడా పోయింది. అప్పుడైనా చెప్పవచ్చు. కానీ ఇప్పుడు చెబితే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటారు. ఆ క్యాను ఎందుకు కడిగావంటారు. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెరుగుతూ పోయింది.

అంతకు ముందు, యూన్ ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి సాయంత్రమే కారును బండి ఉండే చోట ఆపమన్నాడు. ఖాళీ జాగా చూసి, ఆమె ఎక్కడ అన్నాడు. నాయుడుపేటలో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందని టైటస్ అబద్ధం చెప్పాడు. నా వల్లనా అని అడిగాడు యూన్. కాదని చెప్పాడు. ఆయన కాసేపు టైటస్ ముఖం వైపు చూసి, సరే అన్నట్టు తల ఊపాడు. తరువాత సూళ్లూరుపేటలో ఇంకో బండి దగ్గర టైటస్ బజ్జీలు కట్టించి తెచ్చాడు. యూన్ ఒకటి తిని, మిగతావి పేపర్లో మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆగస్టులో ఆయన పని పూర్తయి వెళ్లిపోయాడు. విమానాశ్రయం దగ్గర టైటస్ రెండు చేతులూ పట్టుకుని, ఈ దేశంలో నాకు తిండి పెట్టింది నువ్వూ ఆమే అన్నాడు.

ఏడాదిన్నర గడిచింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం టైటస్ ఫోన్‌కు యూన్ దగ్గరినుంచి ఒక ఫోటో వచ్చింది. ఏదో సంత, బాణలి, కాగితం పళ్లెంలో మిరపకాయ బజ్జీలు. కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు. ఇవి బాగానే ఉన్నాయి. కానీ ఆమె వేసినంత బాగా లేవని మస్తానమ్మకు చెప్పు.

 టైటస్ ఫోన్ పక్కన పెట్టాడు, మళ్లీ తీశాడు. అన్నం దగ్గర చెయ్యి కదలడం లేదని చూసి అబిగయీలు ఏమైందని అడిగింది. అప్పుడు చెప్పాడు, మొదటినుంచి, కుళాయి దగ్గరనుంచి. ఆమె కంచం ముందు కదలకుండా కూర్చుని అంతా వింది. తిట్టలేదు.

"ఆమె ఇల్లు యాడో తెలుసా నీకు?" అంది చివరికి.

"దొరవారిసత్రం నుంచి లోపలికి. చేపలు పట్టేవాళ్ల కుప్పంలో."

"ఆదివారం చర్చికి రావద్దు. అక్కడికి పో."

ఆ కుప్పం సరస్సు గట్టు మీద ఉంటుంది. టైటస్ వెళ్లేసరికి పెంచలయ్య గుమ్మం ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మస్తానమ్మ లోపలినుంచి వచ్చి చూసి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోమంది. మనిషి తగ్గింది. బండి పోయాక ఆమె తడ బస్టాండు దగ్గర కొన్నాళ్లు ప్రయత్నించిందట. కొరియావాణ్ణి చావుదాకా తెచ్చిన బజ్జీలామె అని అక్కడా పేరు పాకిపోయింది. ఇప్పుడు రొయ్యలు ఒలిచే కంపెనీలో పని. రోజంతా ఐసు నీళ్లలో చేతులు. వేళ్ల చివర్లు తెల్లగా నాని చీలి ఉన్నాయి. ఆమె వాటిని కొంగులో పెట్టుకుంది.

టైటస్ కూర్చోకుండా నిలబడే అంతా చెప్పాడు. నీళ్లు, కుళాయి, క్యాను కడగడం, కిషోర్ బాబు అడిగింది, తను చెప్పింది, చెప్పనిది. సంపు సంగతి. ఎక్కడా ఆగకుండా చెప్పాడు, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని. వల అల్లుతున్న పెంచలయ్య చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది. అంతా అయ్యాక ఆయన లేచి, గట్టు దిగి పడవల వైపు వెళ్లిపోయాడు.

మస్తానమ్మ చేతులు కొంగులోంచి తీసి చూసుకుంది.

"ఆ రొయ్యలు పొద్దున ఒలిచి మధ్యాహ్నందాకా పెట్టినా" అంది. "తడిగుడ్డ కప్పినా. అది ఆరిపోయిందేమో, చూసుకోలేదేమో అనుకున్నా. ఇన్నాళ్లూ ఆ రోజు ఏం చేసినానో పొద్దున్నుంచి సాయంత్రందాకా తలుచుకోని రోజు లేదన్నా. నా కూతురు గంగాభవాని బిడ్డ వచ్చి రొయ్యల కూర పెట్టమంటే నేను పెట్టలా. ఇంకెవరినైనా వండమన్నా. నా చెయ్యి మంచిది కాదనుకున్నా."

బండి పోయిన సంగతి, పని పోయిన సంగతి, పేరు పోయిన సంగతి టైటస్ ఎన్నోసార్లు తలుచుకున్నాడు. తప్పు తనదేనని ఆమె కూడా నమ్మి ఉంటుందని ఆయనకు ఎన్నడూ తోచలేదు. కాళ్ల మీద పడబోతే ఆమె వెనక్కి జరిగింది.

"అదొద్దు" అంది. "ఆ సారుకు చెప్పినావా?"

"లేదు."

"ఆయనకు చెప్పు. ఇప్పుడే చెప్పు. నా ఎదురుగా."

టైటస్ ఫోన్ తీసి వీడియో కాల్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం. యూన్ సంతోషంగా కనిపించాడు, కొత్త కళ్లజోడు పెట్టుకున్నాడు. టైటస్ వెనక ఉన్న మనిషిని గుర్తుపట్టి చెయ్యి ఊపబోయాడు. టైటస్ తన ముక్కల ఇంగ్లీషులో, తప్పుగా అర్థమయ్యే అవకాశం లేకుండా, ఒక్కో మాటా చెప్పాడు. ట్యాప్ వాటర్. ఐ ఫిల్. నాట్ హర్ ఫుడ్. యూన్ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

యూన్ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. ఆసుపత్రిలో ఉండగానే, ఆమె తిండి వల్ల కాదని తాను ఆఫీసుకు చెప్పానన్నాడు. ఐదు నెలలు తింటున్నాను, ఆమె శుభ్రంగా చేస్తుంది అన్నానన్నాడు. వాళ్లేమో, మీ డ్రైవరే చెప్పాడు అన్నారట. నువ్వు నా మంచి కోసం చెప్పావని నమ్మాను, అందుకే ఇంకేమీ అడగలేదు అన్నాడు. ఆ మాటల్లో కోపం లేదు. కోపం ఉంటే టైటస్‌కు తేలికగా ఉండేది. ఫోన్ ఆమెకివ్వమని యూన్ అడిగాడు.

మస్తానమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. అవతల యూన్ తల బాగా కిందికి వంచి, అట్లాగే కొంతసేపు ఉన్నాడు. తరువాత ఒక్కో మాటా కూడబలుక్కుంటూ తెలుగులో అన్నాడు.

"మస్తానమ్మా. రొయ్య వడ. చాలా మంచిది."

"బాగుండావా సారూ?" అందామె. "తింటన్నావా?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు, అయినా తల ఊపాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని ఫోన్ తిరిగి ఇచ్చేసరికి యూన్ కాల్ పెట్టేశాడు. ఆ తరువాత టైటస్ రెండుసార్లు క్షమించమని మెసేజ్ పెట్టాడు. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు, ఆఫీసులో కూడా చెప్తానని, మళ్లీ అదే చోట బండి పెట్టించే ప్రయత్నం చేస్తానని టైటస్ అన్నాడు. ఆమె తల అడ్డంగా ఆడించింది.

"ఆ రోజు నిన్ను అడిగినా గదన్నా" అంది. "ఆ రోజు నువ్వు చెప్పుంటే సరిపోయేది."

మరుసటి రోజు ఆయన కిషోర్ బాబు గదికి వెళ్లి నిలబడే అంతా చెప్పాడు. ఉద్యోగం పోతుందని తెలిసే వెళ్లాడు. కిషోర్ బాబు విన్నాడు, తలుపు వైపు ఒకసారి చూశాడు, గొంతు తగ్గించాడు. ఇదంతా ఎప్పుడో అయిపోయిన సంగతి అన్నాడు. ఆ సారూ ఇక్కడ లేడు, ఆ బండీ లేదు, అక్కడ ఇప్పుడు బస్సులు ఆగే బస్ బే కట్టారు. ఇప్పుడు తిరగతోడితే బండి ఎత్తేయమని రాసింది నేను కాబట్టి నాకూ ఇబ్బందే అన్నాడు. పని చూసుకోమన్నాడు. టైటస్‌ను ఎవరూ ఏమీ అనలేదు. కారు తాళాలు ఎప్పట్లాగే బల్ల మీద ఉన్నాయి. తీసుకుని బయటికి వచ్చాడు.

ఇప్పుడు కొత్త ఇంజనీరును తీసుకురావడానికి పొద్దున్నే వెళ్తుంటే, కొన్ని రోజులు హైవే మీద రొయ్యల కంపెనీ వ్యాను ఎదురవుతుంది. ఆడవాళ్లంతా తలకు గుడ్డలు కట్టుకుని, కిటికీలకు ఆనుకుని నిద్రపోతుంటారు. టైటస్ కారు నెమ్మది చేసి చూస్తాడు. ఒకటి రెండుసార్లు మస్తానమ్మ కనిపించింది. ఆమె మేలుకునే ఉంది. ఆయన్ను చూసింది, గుర్తుపట్టింది, ముఖం తిప్పుకోలేదు. వ్యాను వెళ్లిపోయింది.